ఫలకం మీద 1938, నాయనమ్మ జ్ఞానస్నానం 1929: ఏది నమ్మాలి?

మీ ఊరి చర్చి (గుడి) ఫలకం మీద 1938 అని ఉందని, నాయనమ్మకి మాత్రం 1929లోనే జ్ఞానస్నానం అయిందని అడిగారు కదా. రెండూ నిజమే అయ్యుండొచ్చు. డెల్టా ఊళ్లలో ముందు తాటాకు పాకలోనే పూజ జరిగేది. ఫలకం తర్వాత లేచిన పక్కా గుడిది అయ్యుంటుంది.

ఏలూరు బిషప్ హౌస్‌లో పాత కాగితాలు లేవన్నారని టెన్షన్ వద్దు. ఏలూరు మేత్రాసనమే (బిషప్ గారి పరిధి) 1976లో విజయవాడ నుంచి విడిపోయింది. విజయవాడ 1933లో హైదరాబాద్ నుంచి వేరైంది. అందుకే 1929 నాటి కాగితాలు ఏలూరులో లేకపోవడం వింతేం కాదు.

1. 1929లో మీ ఊరు ఏ విచారణ (ఒక ఫాదర్ గారు చూసుకునే ఊళ్ల పరిధి) కింద ఉండేదో ముందు తేల్చుకోండి. అందరూ వదిలేసేది ఇదే. ఊరి గుడిలో జ్ఞానస్నానాల రిజిస్టర్ వెతికి లేదనుకుంటారు. అప్పుడు ఫాదర్ గారు ఉండే పెద్ద ఊళ్లోనే పేరు రాసేవారు. పాత ఉపదేశి (ఊళ్లో ప్రార్థనలు, మతబోధ చూసే ఆయన) గారి కుటుంబాన్ని అడిగితే ఆ ఊరేదో చెబుతారు.

2. ఆ విచారణ ఫాదర్ గారికి నాయనమ్మ పేరు, తల్లిదండ్రుల పేర్లు, సుమారు ఏడాది రాసివ్వండి. ఇంటిపేరు ఒక్కటే ఇస్తే దొరకదు, అప్పట్లో చాలాచోట్ల రాసేవారు కాదు.

3. గుడి గోడ, గంట గోపురం కలిసే మూల చూడండి. ఇటుక వరసలు ఒకదాంట్లో ఒకటి దూరకుండా నిలువునా చీలిక ఉంటే, రెండూ వేర్వేరు కాలాల్లో కట్టినవి అయ్యుండొచ్చు. ఫలకం ఏ భాగంలో ఉందో అప్పుడు చూసుకోండి.

గంట మీది ఏడాదిని మాత్రం నమ్మకండి, అది గంట పోతపోసిన ఏడాది.