రొయ్యల ప్లాంటులో పనివాళ్ల పత్రాల తనిఖీకి యాప్ ఎలా ఉండాలి?

భీమవరం దగ్గరి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనివాళ్ల ఆధార్, వైద్య ధ్రువపత్రం ఫోన్‌లోనే సరిచూడాలంటే ఏం చేయాలన్నది ప్రశ్న.

కార్డు ఫొటో అప్‌లోడ్ చేయించుకోవడం తనిఖీ కాదు. ఆధార్ 12 అంకెల్లో చివరిది మిగతా 11 అంకెల నుంచి వెర్హోఫ్ అనే లెక్క పద్ధతిలో కట్టిన తనిఖీ అంకె. అది టైపింగ్ తప్పును పట్టుకుంటుంది గానీ దొంగ కార్డును కాదు. అసలు ఆధారం క్యూఆర్ కోడ్‌లో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ పెట్టిన డిజిటల్ సంతకం. దాన్ని యాప్‌లోనే సరిచూడొచ్చు, నెట్ అక్కర్లేదు. బాగా పాత కార్డుల క్యూఆర్‌లో ఆ సంతకం ఉండదు, ఈ-ఆధార్ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోమనండి. పూర్తి నంబరు యాప్‌లో భద్రపరచొద్దు. చివరి 4 అంకెలు చాలు.

ఎక్కువ చిక్కు పేర్లతోనే. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఇనిషియల్. 'లక్ష్మి'కి ఇంగ్లిషులో రెండు మూడు స్పెల్లింగులు. అక్షరం తేడాకే యాప్ తిప్పికొడితే ఆ కార్మికురాలికి ఆ రోజు కూలి పోతుంది, అది అన్యాయం. అలాంటివి తిరస్కరించకుండా హెచ్‌ఆర్ వాళ్లు చూసే వరుసలో పెట్టండి. పుట్టిన తేదీ, ఫొటో చూసి వాళ్లు తేలుస్తారు. హెచ్‌ఆర్‌లో ఎవరు, ఎప్పుడు ఆమోదించారో నమోదు కావాలి.

ఆహారం ముట్టుకునేవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష తప్పనిసరి. గడువుకు 30 రోజుల ముందు, మళ్లీ 7 రోజుల ముందు తెలుగులో మెసేజ్ వెళ్లాలి. కాగితం మీది ధ్రువపత్రమైతే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మనిషే చూడాలి.