తగినంత అని రాయకు తల్లీ

తెనాలి

అమ్మాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాకరకాయ పులుసు వ్యాసం మొన్న రాత్రి చదివాను, నిన్న పొద్దున మళ్ళీ చదివాను, మధ్యాహ్నం నువ్వు రాసింది రాసినట్టు వండాను. వండి చూడకుండా వంట వ్యాసం మీద అభిప్రాయం చెప్పకూడదని నాకో పట్టింపులే. మీ బాబాయి తిని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే దాని అర్థమేంటో నీకు తెలీదు, ముప్ఫై ఏడేళ్ళ కాపురం కాబట్టి నాకు తెలుసు.

ముందు బాగున్నది చెప్తా. కాకరకాయ పైన గరుకు గీకాలా వద్దా అని మీ అమ్మకీ మీ అత్తగారికీ ఫోన్లో జరిగిన వాదన రాశావు చూడు, ఇద్దరూ "మీ ఇష్టం వదినగారూ" అంటూనే ఎవరి మాట మీద వాళ్ళు నిలబడటం, మధ్యలో నువ్వు కత్తి పట్టుకుని నిలబడటం, అది చదివి పైకే నవ్వాను. నేనైతే గీకను, చేదు వద్దనుకునేవాళ్ళు అసలు కాకరకాయ ఎందుకు కొంటారో నాకర్థం కాదు, సరే అది వేరే గొడవ.

ఇక తిట్లు. ఆ ఒక్క పేజీలో తగినంత అనే మాట ఐదుసార్లు రాశావు. ఉప్పు తగినంత, కారం తగినంత, బెల్లం తగినంత, నూనె తగినంత, ఆఖరికి నీళ్ళు కూడా తగినంత! తెలుగు వంటల్లో ఇంతకన్నా పెద్ద అబద్ధం ఇంకోటి లేదే. ఆ తగినంత ఎంతో తెలిసినామెకి నీ వ్యాసంతో పనిలేదు, పనున్నామెకి తగినంత అంటే ఎంతో తెలీదు, మరి ఎవరి కోసం రాసినట్టు?

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు నాకు జ్వరమొచ్చి మంచం మీద ఉంటే, నేనే రాసిన కాగితం చేతికిచ్చి చారుకి కావాల్సినవన్నీ తీసి గట్టు మీద పెట్టవే నేను లేచి పెడతా అన్నాను. అన్నీ పెట్టింది, "ఉప్పు తగినంత" దగ్గర ఆగిపోయింది. కాసేపు ఆలోచించి పక్కింటికి వెళ్ళి "ఆంటీ, మా ఇంటికి తగినంత ఉప్పు ఇవ్వమంది అమ్మ" అంది. ఆవిడ మంచిది, మేం నలుగురం అన్జెప్పి లెక్కేసి కిలో ప్యాకెట్టు ఇచ్చి పంపింది. ఆ రోజు నుంచి నేను ఆ మాట రాయలేదు.

ఎంతో రాయాలని తెలిసినా మళ్ళీ తప్పు చేశాననుకో. పత్రికకి ఆవకాయ రాశాను ఒకసారి, అప్పుడు నాకు నీ వయసు ఉంటుందేమో. ముక్కలు నాలుగు గ్లాసులు, కారం గ్లాసు, ఆవపిండి గ్లాసు, ఉప్పు ముప్పావు గ్లాసు అని బాగానే కొలిచి రాశాను. నెలరోజులకి ఖరగ్‌పూర్ నుంచి ఒక కార్డు వచ్చింది, అక్కడ రైల్వేలో మనవాళ్ళు బోలెడుమంది ఉండేవారు కదా, "అమ్మా, మీ పుణ్యమా అని ఇరవై కాయల ఆవకాయ జాడీతో సహా పారబోశాం, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు" అని. ఎక్కడ తప్పిందో అర్థంకాక రెండు రోజులు నిద్రపట్టలేదు. తీరా చూస్తే మా ఇంట్లో నేను కొలిచింది కళ్ళుప్పు, ఆవిడ పోసింది మెత్తనుప్పు. కళ్ళుప్పు గ్లాసులో పోస్తే రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది, మెత్తనుప్పు సందు లేకుండా కూరుకుంటుంది, అదే గ్లాసు కానీ బరువు ఎక్కువ తూగుతుంది. నేను కళ్ళుప్పు అన్న ఒక్క మాట రాయలేదు, అంతే. అందుకని ఉప్పు ఏ ఉప్పో రాయి, కారం ఏ కారమో రాయి, గుంటూరు మిరపకాయ కొట్టించిన కారం చెంచా వేస్తే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, కర్ణాటక బ్యాడిగి మిరపకాయ కారం అదే చెంచా వేస్తే రంగు తప్ప ఏమీ రాదు.

కప్పు అని కూడా రాశావు. ఏ కప్పే? రైస్ కుక్కర్‌తో ఇచ్చేది 180 మిల్లీలీటర్లు, అమెరికాలో ఉన్న నీ స్నేహితురాళ్ళు కొలిచేది దగ్గర దగ్గర 240, మీ ఇంట్లో టీ కప్పు ఎంతో దేవుడికే తెలియాలి. మా నాయనమ్మ గిద్దె, సోల, తవ్వ, మానిక అని చెప్పేది, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఊళ్ళో అందరికీ ఒకటే లెక్క కాబట్టి ఎవరింటికెళ్ళి వండినా తేడా రాలేదు. 1956లో మెట్రిక్ చట్టం వచ్చింది గానీ మా వంటింట్లోకి రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు మూడొందలు పెడితే డిజిటల్ కాటా వస్తోంది, కొనుక్కో, గ్రాముల్లో రాయి. మూడు విజిల్స్ అని కూడా రాయకు, చిన్న కుక్కర్ ఐదు నిమిషాలకే కూస్తుంది, పెద్దది తీరిగ్గా కూస్తుంది, నిమిషాలు రాయి.

ఇంకోటి, "ఉల్లిపాయలు ఎర్రగా వేయించాలి" అని మనం అందరం రాస్తాం. మా అబ్బాయికి హాస్టల్లో చేరాక గది తీసుకుని వండుకోవాలని సరదా పుట్టి నాకు వీడియో కాల్ చేసి ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టాడు. నేను వీధిలో కూరల బండి వచ్చిందని వెళ్ళి పది నిమిషాలకి వచ్చేసరికి "అమ్మా, ఎరుపు రాలేదు, గోధుమరంగు వచ్చింది, తర్వాత నలుపొచ్చింది, ఎరుపు ఎప్పుడొస్తుంది?" అంటున్నాడు. వాడి వెనకాల పొగలో ఇంకో ఇద్దరు దగ్గుతున్నారు. వాడి తప్పేముంది, మనం ఎరుపు అన్నాం, వాడు ఎరుపు కోసం చూశాడు.

ఇప్పుడు నీ పులుసు సంగతి. ముక్కలు కొంచెం మగ్గగానే చింతపండు పులుసు పోసేయమన్నావు. అక్కడే తేడా కొట్టింది. పులుపు పడితే ముక్క ఇక మెత్తబడనంటుంది, అరగంట మరిగించినా రబ్బరులా సాగింది, మీ బాబాయి మౌనానికి కారణం అదే. సాయంత్రం మళ్ళీ చేశాను. అరకిలో కాకరకాయలు చక్రాలు తరిగి చెంచాన్నర మెత్తనుప్పు, అర చెంచా పసుపు రుద్ది ఇరవై నిమిషాలు పక్కన పెట్టి గట్టిగా పిండేశాను, ఆ నీళ్ళతో పాటు చేదు కొంతా ఉప్పు కొంతా పోతుంది, అందుకే రెండోసారి ఉప్పు రుచి చూశాకే వేయాలి, ఇది తప్పకుండా రాయి. నాలుగు పెద్ద చెంచాల నూనెలో పోపు వేసి, రెండు ఉల్లిపాయలు వేసి, ముక్కలు వేసి మూతపెట్టి సన్నసెగ మీద పన్నెండు నిమిషాలు, గరిటె అంచుతో నొక్కితే ముక్క తెగాలి, తెగాకే 40 గ్రాముల చింతపండు నానబెట్టిన గ్లాసున్నర పులుసు, 50 గ్రాముల బెల్లం, చెంచా కారం. దగ్గరపడ్డాక రెండు చెంచాల నువ్వులు వేయించి కొట్టిన పొడి. ఈసారి మీ బాబాయి రెండోసారి కలుపుకున్నారు. చేదు మాత్రం పూర్తిగా పోలేదు, పోదు కూడా, "చేదే తెలీదు" అని రాశావు చూడు అది కొట్టేయ్, అది నమ్మి పిల్లలకి పెట్టిన తల్లులు నిన్ను జన్మలో నమ్మరు.

పిల్లలంటే గుర్తొచ్చింది, అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టిందే దానికోసం. వ్యాసం చివర మీవాడు ఒక ముద్ద తిని "అమ్మా, ఇందులో నీ ప్రేమ ఉంది కదా, అందుకే తియ్యగా ఉంది" అన్నాడని రాశావు. అమ్మాయ్, నాలుగున్నరేళ్ళ వెధవ ఎవడైనా ఆ మాట అంటాడా? అది టీవీలో నూనె ప్రకటనలో పిల్లాడు అంటాడు, వాడికి డబ్బులిస్తారు. కూరలో గ్లాసుకి బదులు తగినంత రాయడం ఎలాంటిదో, పిల్లాడు అన్నమాట తీసేసి నీకు కావాల్సిన మాట పెట్టడం అలాంటిదే. పోయినవారం ఫోన్లో నువ్వే చెప్పావు, వాడు కాకరకాయ ముక్కలు తినకుండా ఒక్కొక్కటే తీసుకెళ్ళి వాళ్ళ నాన్న ఆఫీసు షూలో దాచాడనీ, ఆయన మర్నాడు సాక్సు వేసుకుని కాలు పెట్టి బస్సుకి టైమైందని అలాగే వెళ్ళిపోయాడనీ, మీటింగులో వాసనొస్తే అందరూ అందరి వంకా చూసుకున్నారనీ. చెప్తూ నువ్వే నవ్వలేక ఫోను పక్కన పెట్టేశావు. బంగారంలాంటి ఆ ముక్క వదిలేసి ప్రేమా గీమా అని రాస్తావేం!

పిల్లల మాటకి మెరుగులు దిద్దకు. మావాడు చిన్నప్పుడు పులిహోర తింటూ కరివేపాకు, ఎండుమిరపకాయ, శనగపప్పు అన్నీ ఏరి పళ్ళెం అంచున వరసగా నిలబెట్టి వేలితో లెక్కపెట్టి "జీడిపప్పు ఆబ్సెంట్" అన్నాడు. అంతే అన్నాడు. నేను తెలివిమీరి పత్రికకి పంపేటప్పుడు దానికి ముందు నాలుగు లైన్లు, వెనక రెండు లైన్లు, హెడ్మాస్టరు పోలికా తగిలించాను. అచ్చులో చూసుకుంటే చప్పగా ఉంది. వాడన్న రెండు ముక్కలు చాలు, పక్కన ఇంట్లో జీడిపప్పు నిండుకుందని ఒక మాట చాలు.

అలాగని వెంటపడి మాటలు పట్టకు. ఒక ఏడాది అచ్చయిన జోకుకో చాక్లెట్ అని నేనే ఆశపెట్టాను, రెండు వారాలకి అక్కా తమ్ముడూ కలిసి పెరట్లో కూర్చుని జోకులు తయారుచేయడం మొదలుపెట్టారు, పొద్దున నేను దోసె తిప్పుతుంటే వచ్చి "అమ్మా, దోసెకి చిల్లులెందుకు, దోమ కుట్టిందా" అని నా మొహం వంక చూడటం, నేను నవ్వకపోతే "ఇది పనికిరాదురా" అని గుసగుసలు. చాక్లెట్ ఆపేశాక మామూలు పిల్లలయ్యారు.

ఒకటి మాత్రం కష్టంగానే చెప్తున్నా. మా అమ్మాయి అయిదేళ్ళప్పుడు చేసిన ఒక పని, పక్క తడిపే సంగతిలే, అందరూ నవ్వుతారని రాశాను. అందరూ నవ్వారు. అది తొమ్మిదో తరగతికి వచ్చాక క్లాసులో ఎవరో పాత పత్రిక తెచ్చి అందరికీ చదివి వినిపించారట. ఇంటికొచ్చి మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగోరోజు "అమ్మా, నీ ఉల్లిపాయలు మాడినవి రాసుకో, నావి ఎందుకు" అంది. ఇప్పటికీ ఆ వ్యాసం కటింగు నా దగ్గర లేదు, చింపేశాను. అప్పట్నుంచి నవ్వు నా మీదకో, మీ బాబాయి మీదకో వచ్చేలా చూసుకున్నాను, ఆయన పాపం ఎప్పుడూ ఏమీ అనలేదు (ఏమీ అనలేదంటే అర్థం పైన చెప్పాగా). షూ కథలో ఆ భయం లేదు, అందులో వాడు గెలిచాడు, ఇరుక్కుంది మీ ఆయన. అయినా రాసేముందు మీ ఆయన్ని ఒక మాట అడుగు, ఆఫీసు పేరు రాయకు.

ఆ "అమ్మ చేతివంట అమృతం" అనే మొదటి పేరా మొత్తం తీసేయ్, మీ అమ్మా మీ అత్తగారూ ఫోన్లో వాదించుకోవడంతోనే మొదలుపెట్టు, గరుకు గీకావో లేదో పాఠకులకి చెప్పనేలేదు నువ్వు, అదీ చెప్పు. మళ్ళీ వండి, కాటా పక్కన పెట్టుకుని, ఆదివారంలోగా పంపు. బెల్లం ఎన్ని గ్రాములు వేశావో, షూలో ఎన్ని ముక్కలు దొరికాయో రెండూ లెక్కపెట్టి రాయి. ఏ కాలి షూనో కూడా.

ఉంటా,
పిన్ని

కాటా కొనేటప్పుడు బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలేమో చూసుకో, నేను కొన్నదాంట్లో రాలేదు, రిమోట్‌లోవి తీసి వేశానని మీ బాబాయికి ఇంకా తెలీదు.