‘నేనేం పాపం చేసిన్నే బిడ్డా’ అని బాపు అడుగుతున్నాడు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. మా బాపుకు 64. జీవితమంతా పత్తి, మిర్చి పండించిన మనిషి. కడుపులో క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇక కీమోతో లాభం లేదని హైదరాబాద్ డాక్టర్లు చెప్పి రెండు నెలలైంది. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. పాలియేటివ్ కేర్ (నయం కాని రోగంలో బాధ తగ్గించే వైద్యం) వాళ్ల ‘ఆలన’ బండిలో సిస్టర్ వచ్చి చూసి పోతుంది. నొప్పికి మార్ఫిన్ బిళ్లలు ఇచ్చారు. అవి మత్తు బిళ్లలని భయపడి అమ్మ నొప్పి బాగా లేచినప్పుడే వేస్తోంది. రోగం సంగతి బాపుకు మేం చెప్పలేదు. ‘కడుపుల పుండు, తగ్గుతది’ అంటున్నాం. ఐనవోలు మల్లన్న అంటే బాపుకు ప్రాణం. అలాంటిది నెల నుంచి దేవుడి దీపం వైపు కూడా చూడటం లేదు. రాత్రి రెండు గంటలకు లేచి నా చెయ్యి పట్టుకుని ‘నేనేం పాపం చేసిన్నే బిడ్డా’ అంటాడు. ‘అట్లనకు బాపూ, ఏం కాదు’ అంటాను. మల్లన్నకు పట్నం (రంగుల ముగ్గు పరిచి చేసే పూజ) వేయిస్తామన్న మొక్కు తీర్చలేదనే ఇట్లయిందని అమ్మ ఏడుస్తుంది. ఎకరం అమ్మి ఇంకో ఆసుపత్రికి తీసుకుపోదామని తమ్ముడు అంటాడు. మేనత్త కొడుకు ప్రార్థన చేయడానికి ఎవరినో తీసుకొచ్చాడు. మా పెద్దబాపుతో గెట్టు (పొలం హద్దు) పంచాయితీ వల్ల 11 ఏళ్లుగా మాటల్లేవు. నాయనమ్మ పోయిన రోజు కూడా అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కు నిలబడ్డారు. బాపుకు మనశ్శాంతి ఎట్లా కలిగించాలి? దేవుడి మాటలు చెప్పాలా? మొన్న ఒక రాత్రి, ఇదంతా తొందరగా అయిపోతే బాగుండు అనిపించింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక కూతురు

జవాబు: బాపు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదని బాధపడుతున్నారు. నా దగ్గరా లేదు. ఏ పంతులు దగ్గరా ఉంటుందనుకోను. అయితే ఆయన ఆ మాట అన్న వెంటనే మీరు ‘ఏం కాదు బాపూ’ అంటున్నారు చూడండి, అక్కడే ఆయన ఆగిపోతున్నాడు. మీరు ప్రేమతోనే అంటున్నారు. చెప్పబోయిన మాట మాత్రం ఆయన గొంతులోనే ఉండిపోతోంది.

మా అమ్మ చివరి నెలలు హన్మకొండలో మా ఇంట్లోనే గడిచాయి. ‘నేనింక లేవనేమో’ అని మూడుసార్లు అంది. మూడుసార్లూ ‘లేస్తవ్ తియ్యమ్మా’ అని మాట మార్చి టీవీ పెట్టాను. నాలుగోసారి ఆమె అనలేదు. ఆ తర్వాత పాలు తాగుతావా అంటే తల ఊపడం, వద్దంటే ముఖం తిప్పుకోవడం, అంతే. ఆమె నాతో ఏం చెప్పాలనుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు. మీ బాపు ఇంకా అడుగుతున్నాడు. అందుకే అన్నిటికంటే ముందు ఈ సంగతి చెబుతున్నాను.

మీ ఉత్తరంలో రెండు సంగతులు దూరదూరంగా ఉన్నాయి. ఒకటి, ‘నేనేం పాపం చేసిన్నే’ అని బాపు అడగడం. రెండోది, తల్లి పోయిన రోజు అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కు నిలబడటం. రెండోదాన్ని మీరు ఇంటి గొడవల లెక్కలో రాసి వదిలేశారు. నేను రెండూ కలిపి చదివాను. నా ఊహ తప్పు కావచ్చు. కానీ చావు దగ్గరికి వస్తున్నదని తెలిసిన మనిషి పాపం గురించి అడిగితే, చాలాసార్లు అది దేవుడి లెక్కల గురించిన సందేహంగా ఉండదు. ఒక ఫలానా రోజు, ఒక ఫలానా మాట, ఒక ఫలానా ముఖం ఆయన కళ్లముందు తిరుగుతూ ఉంటాయి. అది గెట్టు కావచ్చు, మీకెవరికీ తెలియనిది ఇంకేదైనా కావచ్చు. అదేమిటో ఆయనే చెప్పాలి, మనం ఊహించి ఆయన నోట్లో పెట్టకూడదు.

ఈసారి ఆయన ఆ మాట అంటే, లైటు వేయకుండా, లేచి నిలబడకుండా, అట్లాగే చెయ్యి పట్టుకుని ‘ఏం యాదికొస్తుంది బాపూ?’ అని అడగండి. తర్వాత ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం. నిమిషం గడిచినా ఆయన మాట్లాడకపోవచ్చు, ఏడవవచ్చు. మీకూ ఏడుపొస్తే రానివ్వండి. ‘నువ్వు మంచోనివి, నువ్వేం పాపం జేయలే’ అనాలని నాలుక చివరి దాకా వస్తుంది. ఆయన చెప్పడం పూర్తయ్యాక అనండి. ముందే అంటే ఆయన సంజాయిషీ అక్కడే తెగిపోతుంది. ఏమీ చెప్పకపోతే ‘సరే బాపూ, నీకెప్పుడు చెప్పబుద్ధయితే అప్పుడు చెప్పు, నేనీడనే ఉన్న’ అంటే చాలు.

ఇక రోగం సంగతి. ఆయనకు తెలియదని మీరు అనుకుంటున్నారు. తన బట్టలు వదులైపోవడం ఆయన చూస్తున్నాడు. ఆలన బండి ఎవరి ఇళ్లకు వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనకు చాలావరకు తెలిసే ఉంటుందని, మీరు దాస్తున్నారని మీ కోసం ఆయనా దాస్తున్నాడని నా అనుమానం. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచుకుంటే, ఆయన తన భయంతో ఒంటరిగా మిగిలిపోతాడు. అట్లాగని ఒక్కసారిగా కూర్చోబెట్టి ‘నీకు క్యాన్సర్’ అని చెప్పమనడం లేదు. ‘డాక్టర్లు ఏమన్నరని అనుకుంటున్నవ్ బాపూ?’ అని మొదలుపెట్టండి. ఆయన ఎంత అడిగితే అంతకే నిజం చెప్పండి. వినడం ఇష్టం లేదని తెలిస్తే ఆపండి. ఎన్ని రోజులు అనే లెక్క ఎవరూ చెప్పొద్దు, అది డాక్టర్లకే సరిగ్గా తెలియదు. మీకు ధైర్యం చాలకపోతే ఈసారి సిస్టర్ వచ్చినప్పుడు, లేదా పాలియేటివ్ కేర్ డాక్టర్‌ను కలిసినప్పుడు, పక్కనే ఉండి ఈ మాట ఎత్తమని అడగండి. అది కూడా వాళ్ల పనిలో భాగమే.

మనశ్శాంతి గురించి అడిగారు కాబట్టి మార్ఫిన్ గురించి చెప్పక తప్పదు. లండన్‌లో 1967లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా, చివరికి డాక్టర్‌గా పనిచేసిన మనిషి. చావుకు దగ్గరైన రోగి పడే బాధలో ఒంటి నొప్పి, మనసులో దిగులు, ఇంటి మీద బెంగ, ‘నాకే ఎందుకు’ అనే ప్రశ్న అన్నీ పెనవేసుకుని ఉంటాయని, ఒకదాన్ని వదిలేసి ఇంకొకదాన్ని తగ్గించలేమని ఆమె చెప్పింది. ఆ అవగాహన మీదే పాలియేటివ్ కేర్ నిలబడింది. మీ ఇంట్లో జరుగుతున్నది చూడండి. బాపు రోజూ రెండు గంటలకే ఎందుకు లేస్తున్నాడు? అమ్మ నొప్పి లేచేదాకా ఆగి బిళ్ల వేస్తోంది. అర్ధరాత్రి దాటేసరికి దాని పని అయిపోయి ఉంటుంది. పేగులు మెలిపెడుతుంటే ఎవరికి దీపం వైపు చూడబుద్ధవుతుంది? ఆయనకు మల్లన్న మీద అలక వచ్చిందో, కళ్లెత్తే ఓపికే లేదో నొప్పి తగ్గితే తప్ప తెలియదు. డాక్టర్ రాసిన వేళకు, నొప్పి ఉన్నా లేకపోయినా బిళ్ల పడాలి. డాక్టర్ చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే వ్యసనం అవుతుందని అమ్మ భయపడక్కర్లేదు. మొదటి కొన్ని రోజులు మగతగా ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి వేరే మందు రాశారో లేదో చూసుకోండి, రాయకపోతే అడగండి. ఈ సంగతులు అమ్మకు మీరు చెప్పకండి, సిస్టర్ చేత చెప్పించండి. కూతురి మాట కంటే ఆమె మాట అమ్మ వింటుంది.

అమ్మ మొక్కు గురించి. మొక్కు తీరలేదని రోగం వచ్చిందన్న మాట బాపు చెవిన పడకుండా చూడండి. ఇప్పటికే తన పాపమేమిటని వెతుక్కుంటున్న మనిషికి అది ఇంకో రాయి. క్యాన్సర్ మొక్కు బాకీ వల్ల రాదు. కానీ మొక్కు తీర్చాలన్న అమ్మ కోరిక తప్పు కాదు, దాన్ని కొట్టిపారేయకండి. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా నడిచే ఐనవోలు జాతరకు బాపు ఎన్నిసార్లు పోయి ఉంటాడో, ఎవరి భుజాల మీద ఎక్కి పోయి ఉంటాడో. ఇప్పుడు అంత దూరం బండిలో కుదుపులకు తట్టుకోలేడు. ఒగ్గు పూజారులు ఇంటికి వచ్చి కూడా పట్నం వేస్తారు కదా. ముందు బాపును అడగండి. ‘వేయించుకుందామా?’ అంటే ఆయన ముఖమే చెబుతుంది. వద్దంటే, దేవుడి మీద కోపంగా ఉందంటే, దాన్నీ ఒప్పుకోండి. ఏళ్ల తరబడి కొలిచిన దేవుడి మీద అలిగే హక్కు ఆయనకు ఉంది. మల్లన్నకు భక్తుల అలకలు కొత్త కాదు. సరేనంటే వాకిట్లో, ఆయన మంచం నుంచి కనిపించేట్టు, చిన్న పట్నమే వేయించండి. పసుపు, బియ్యప్పిండి గాల్లోకి లేస్తే ఆయనకు దగ్గు, ఆయాసం రావచ్చు, సాంబ్రాణి పొగ అయితే అసలే వద్దు. డోలు మెల్లగా కొట్టమని, అరగంటలో ముగించమని పూజారికి ముందే చెప్పండి. సుట్టాలందరినీ పిలిచి పెళ్లి ఇంటిలా చేయకండి. ఇంకో సంగతి. ముందుముందు మింగడం కష్టమైనప్పుడు తీర్థం అంటూ ఎవరూ చెంచాతో నోట్లో పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దూదితో పెదాలు తడిపితే చాలు. ఆ దశలో తిండి తగ్గిపోవడం కూడా శరీరం చేసే పనే, బలవంతంగా తినిపించకండి.

ప్రార్థన చేయడానికి వచ్చిన వాళ్ల విషయంలోనూ అంతే. బాపును అడగండి. ఆయన రమ్మంటే ఎవరైనా రావచ్చు. ఆయన వద్దంటే గడప దగ్గరే మర్యాదగా ఆపే పని మీది, మీ మేనబావకు కోపం వచ్చినా సరే. మంచం మీది మనిషి లేచి వెళ్లిపోలేడు, ఆయన బలహీనత మీద ఎవరూ తమ నమ్మకాన్ని రుద్దకూడదు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

తమ్ముణ్ని తప్పుపట్టకండి. ఏమీ చేయకుండా కూర్చోవడం అతనికి చేతకావడం లేదు. డాక్టర్ దగ్గరికి అతన్నే పంపి, ‘ఈ వైద్యం చేయిస్తే మా బాపు రోజు గడిచే తీరులో ఏం మారుతుంది?’ అని అడిగి రమ్మనండి. ఆ జవాబు విన్నాక ఎకరం సంగతి మాట్లాడుకోవచ్చు. చేతికి పని కావాలంటే రాత్రి కాపలాలో సగం అతనికి ఇవ్వండి.

పెద్దబాపు. ఆయన్ను పిలవాలని మీకు మనసులో ఉంది, లేకపోతే ఉత్తరంలో ఆయన ప్రస్తావనే ఉండేది కాదు. బాపుకు చెప్పకుండా తెచ్చి మంచం ముందు నిలబెట్టకండి. సినిమాల్లో అట్లా బాగుంటుంది, నిజంగా జరిగితే ఒకరి గుండె ఆగిపోయేంత పనవుతుంది. ‘పెద్దబాపుకు కబురు చేయనా?’ అని ఒక్కసారి అడగండి. బాపు ఊరుకుంటే ఒక రోజు ఆగి మళ్లీ అడగండి. సరేనంటే మీరొక్కరే, తమ్ముడు లేకుండా, ఆయన ఇంటికి వెళ్లండి. గెట్టు గురించి ఒక్క మాట వద్దు, పాస్ పుస్తకాలు బయటికి తీయొద్దు. ‘బాపు నిన్ను యాది చేస్తుండు’ అనండి. అది నిజమైతేనే అనండి. ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా మంచం పక్కన కూర్చుని పోయినా అది తక్కువేం కాదు. రాకపోతే ఆ సంగతి బాపుకు దాచకండి, ‘నేను పోయి అడిగిన బాపూ, మంచిగ చూసుకొమ్మని చెప్పిండు’ లాంటి అబద్ధాలు వద్దు. అప్పుడు అన్నతో చెప్పాలనుకున్నది మీతో చెప్పమనండి.

పాపం ఒక్కటే ఆయన జీవితం కాదు కదా. పగటిపూట నొప్పి లేని గంట ఒకటి దొరుకుతుంది. అప్పుడు వేరే సంగతులు ఎత్తండి. మొదటిసారి ఎడ్లు కొన్నది ఎక్కడ, బావి తవ్వినప్పుడు నీళ్లు ఎన్ని గజాలకు పడ్డాయి, మీరు పుట్టిన రోజు ఆయన ఎక్కడున్నాడు. ఫోన్‌లో రికార్డ్ చేస్తానని చెప్పి రికార్డ్ చేయండి. కెనడాలో హార్వీ చోచినోవ్ అనే మానసిక వైద్యుడు చివరి దశలో ఉన్నవాళ్ల చేత ఇట్లాగే మాట్లాడించి, రాసి, ఆ కాగితాలు ఇంటివాళ్లకు ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టాడు. 2005లో అచ్చయిన ఆయన అధ్యయనంలో 100 మంది రోగుల్లో 76 మంది తమ గౌరవం పెరిగినట్టు అనిపించిందని చెప్పారు. మీ పిల్లలకు తాత గొంతు మిగులుతుంది, అది వేరే సంగతి. ముందు ఆయనకు తన బతుకు పాపాల చిట్టాలా కాకుండా పొలంలా, మనుషులలా కనిపించడం మొదలవుతుంది.

ఇక మీరు. ‘తొందరగా అయిపోతే బాగుండు’ అనిపించినందుకు నిద్ర పోగొట్టుకున్నారు. మీరు కోరుకున్నది బాపు బాధ ఆగాలని. ఆ బాధకు ఇప్పుడు ఇంకో దారి మీకు కనిపించనందువల్ల మనసు ఆ మాట అంది. ఇట్లా నెలల తరబడి రాత్రులు మేల్కొన్నవాళ్లలో ఈ ఆలోచన రానివాళ్లను నేను పెద్దగా చూడలేదు. నాకూ వచ్చింది. మా అమ్మ మీద ప్రేమ లేక వచ్చింది కాదు. మాత్రలు వేళకు పడి బాపు రాత్రి నాలుగు గంటలు నిద్రపోతే మీకూ ఆ ఆలోచన వెనక్కి తగ్గుతుంది. తగ్గకపోతే, అన్నం సయించకపోతే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రేపు పొద్దున మొదటి పనిగా సిస్టర్‌కు ఫోన్ చేసి బిళ్లల వేళలు కాగితం మీద రాయించుకోండి, అమ్మకు కనిపించేలా గోడకు అంటించండి. ఐనవోలు వైపు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త బండారి (మల్లన్న పసుపు) తెప్పించి బాపు మంచం పక్కన గూట్లో పెట్టండి. నుదుటికి మీరు పెట్టకండి. ఆయన అడిగిన రోజు పెట్టండి. కొన్ని రోజులయ్యాక ఎలా ఉన్నాడో నాకు మళ్లీ రాయండి.