రాణిగారి హారంలో మేనమామకు వాటా ఉందా?

ప్రశ్న: మాది కర్నూలు. మా అమ్మమ్మ మంత్రసాని. ఒక సంస్థానంలో రాణిగారికి కష్టమైన కాన్పు చేస్తే, ఆమె మా వంశానికి వజ్రాల హారం బహుమానంగా ఇచ్చారట. అది చూసిన చిన్నమ్మమ్మ ఇంకా ఉంది. 2011లో నా పెళ్ళిలో అమ్మమ్మ ఆ హారం నా మెడలో వేసింది. కాగితమేమీ రాయలేదు. అమ్మమ్మ 2019లో చనిపోయింది. ఇప్పుడు మా మేనమామ ‘అది వంశపు సొత్తు, సగం నాది’ అని లాయర్ నోటీసు పంపాడు. బజార్లో చూపిస్తే రాజుల నగను ప్రభుత్వం తీసుకుంటుందన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ‘మా వంశానికి ఇచ్చారు’ అని మీరే రాశారు. మీ మామ అడుగుతున్నదీ ఆ మాట మీదే. రాణిగారు హారం ఎవరి చేతికిచ్చారు? కాన్పు చేసినందుకు అమ్మమ్మకే ఇచ్చి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఆమే పూర్తి హక్కుదారు. తనకిష్టమైనవాళ్ళకు ఇచ్చుకోవచ్చు, కొడుకు అడ్డుపడలేడు. తాతగారి చేతికిచ్చి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే కథ మారుతుంది. అప్పుడు భార్యకూ పిల్లలకూ సమాన వాటాలు. అమ్మమ్మ మీకివ్వగలిగింది తన వాటానే. అందుకే చిన్నమ్మమ్మ చూసింది చూసినట్టు చెప్పించి, నోటరీ ముందు ప్రమాణ పత్రం ఇప్పుడే రాయించండి. ఆమె వయసు దృష్ట్యా ఈ పని వాయిదా వేయకండి.

కాగితం లేదని దిగులొద్దు. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం నగను చేతికందిస్తే చాలు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాకపోతే ‘పెళ్ళికి పెట్టుకోమని ఇచ్చింది, అంతే’ అని అవతలి లాయర్ వాదిస్తాడు. నేనైనా అదే వాదిస్తాను. దానికి జవాబు పెళ్ళి తర్వాత హారం ఎవరి దగ్గరుందన్నదే. మీ పేరిట లాకరుంటే ఆ రసీదులు వెతకండి. పెళ్ళి ఆల్బమ్ కూడా తీయండి. కొక్కెం పక్కన రాయి ఊడిపోవడం, పట్టుదారం ముడి లాంటి గుర్తు ఫొటోలోనూ హారంలోనూ ఒకేలా కనిపిస్తే మంచి సాక్ష్యం. పెళ్ళిలో చూసి కూడా మామ ఇన్నేళ్ళు ఊరుకున్న సంగతిని మీ లాయర్ కాలపరిమితి వాదనకు (గడువు దాటాక దావా చెల్లదని) వాడుకుంటారు.

ప్రభుత్వం లాక్కుంటుందన్నది ఉత్తమాట. 1878 నిధి నిక్షేపాల చట్టం భూమిలో దొరికినవాటికే. నిజాం నగలనే 1995లో కేంద్రం 218 కోట్లు చెల్లించి కొన్నది! హారం వందేళ్ళ పాతదైతే మాత్రం 1972 పురావస్తువుల చట్టం ఉంది. విదేశంలో ఉన్న బంధువుల చేతికిచ్చి పంపేయకండి, నేరమవుతుంది.

ఇక రాజుగారి నగ అంటే ధర పెరుగుతుందన్న ఆశ. 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళికి నిజాం, లండన్ కార్టియే దుకాణంలో నచ్చింది ఎంచుకోమన్నాడు. ఆమె ఎంచుకున్న హారాన్ని 2014లో ఆమె మనవడు విలియం భార్య కేట్ పెట్టుకుంటే ఫలానాదని లోకం గుర్తుపట్టింది. మీకు అలాంటి ఆనవాలు లేదు కాబట్టి కొనేవాడు రాళ్ళకే వెల కడతాడు. అమ్మేటట్టయితే పన్ను లెక్కకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలి, గుర్తింపు పొందిన వాల్యూయర్ చేత రాయించుకోండి.

ఈలోగా నోటీసుకు గడువులోపల జవాబివ్వండి. మామకు ఫోన్‌లో ఏమీ ఒప్పుకోకండి.