రెండు ఆర్గ్యుమెంట్లు ఉన్న ఫంక్షన్‌ని లిస్టు మొత్తానికి మ్యాప్ చేయడం ఎలా?

పైథాన్‌లో రెండు ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కి అందించే విలువలు) తీసుకునే ఫంక్షన్‌ని మ్యాప్‌తో ఎలా వాడాలి అని అడిగారు. మ్యాప్ అంటే లిస్టులోని ఒక్కో విలువ మీదా వరసగా ఫంక్షన్‌ని నడిపేది. రాయడం తేలికేనండి. మ్యాప్‌కి ముందు ఫంక్షన్ పేరు, దాని వెనక రెండు లిస్టులు ఇస్తే చాలు. హాస్కెల్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో ఇదే పని జిప్‌విత్ చేస్తుంది. కానీ అలా రెండు విడి లిస్టులు ఇచ్చే ముందు నాకు జరిగింది చదవండి.

మా బాబాయి ఊళ్లో పాల కేంద్రం నడుపుతారు. ఫైల్లో లీటర్లు ఒక కాలమ్, ఫ్యాట్ ఒక కాలమ్ ఎక్కిస్తే రైతుల బిల్లు వచ్చేలా ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. లీటరుకి ఒక్కో పాయింటు ఫ్యాట్‌కి 8 రూపాయల లెక్క. ఖాళీ గడులు వదిలేసి రెండు లిస్టులు తయారు చేసి మ్యాప్‌కి ఇచ్చాను. రెండు నెలలు బాగానే నడిచింది.

ఒకరోజు పొద్దున 43 మంది పాలు పోశారు. 17వ నంబరు శాంపిల్ సీసా ఒలికిపోయి ఆ ఫ్యాట్ గడి ఖాళీగా ఉండిపోయింది. అంటే లీటర్లు 43, ఫ్యాట్‌లు 42. ఎర్రర్ ఏమీ రాలేదు. 17 నుంచి అందరికీ కింది వాళ్ల ఫ్యాట్ పడింది. 18వ నంబరు ఆవిడవి గేదె పాలు, 6 లీటర్లు, ఫ్యాట్ 7. రావాల్సింది 336 రూపాయలు. 19వ నంబరు ఆవు పాల ఫ్యాట్ 4 పడి 192 వచ్చింది. 43వ నంబరు పెద్దాయనకి బిల్లే రాలేదు. మర్నాడు ఆయన కార్డు పట్టుకొచ్చి "నా పాలు ఏమైనాయి నాయనా" అని నిలబడితే నాకు నోట మాట రాలేదు.

పైథాన్ 3లో మ్యాప్, లిస్టుల్ని జతలుగా కలిపే జిప్ రెండూ పొట్టి లిస్టు అయిపోగానే చప్పుడు లేకుండా ఆగిపోతాయి. పైథాన్ 2లో మ్యాప్ తక్కువైన చోట నన్ (None, అంటే విలువ లేదని చెప్పే గుర్తు) పెట్టి పొడిగించేది, దాన్ని గుణించబోయి ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగేది. అదే నయం. పైథాన్ 3.10లో జిప్‌కి, 3.14లో మ్యాప్‌కి స్ట్రిక్ట్ అనే ఆప్షన్ వచ్చింది. ట్రూ అని పెడితే పొడవులు తేడాగా ఉన్నప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది. అసలు డిఫాల్ట్‌గా ఉండాల్సింది ఇదే.

మన కోచింగ్ సెంటర్లలో మ్యాప్ అంటే ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్ని స్క్వేర్ చేయించడమే. ఇంటర్వ్యూల్లోనూ అదే. లిస్టు ఒకటి పొట్టిదైతే ఏమవుతుందని ఒక్కరూ అడగరు. జీతాలూ, ఫీజులూ, పాల బిల్లులూ వేసేది ఆ పిల్లలే కదండీ!

స్ట్రిక్ట్ ఒక్కటే నమ్ముకున్నా సరిపోదు. ఒకచోట లీటర్లు, ఇంకోచోట ఫ్యాట్ ఖాళీగా ఉంటే పొడవులు సమానమే అవుతాయి, బిల్లులు మాత్రం తప్పు. అందుకే ఇప్పుడు ఒక్కో రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్ ఒకే టపుల్‌లో (విలువల మూటలో) కట్టి, ఖాళీ గడిని కూడా అలాగే ఉంచి, పైథాన్‌తోనే వచ్చే ఇటర్‌టూల్స్ మాడ్యూల్‌లోని స్టార్‌మ్యాప్‌కి ఇస్తున్నాను. అది టపుల్‌ని విప్పి ఫంక్షన్‌కి మూడూ విడివిడిగా అందిస్తుంది. అందరికీ ఒకటే అయిన ఆ 8 రూపాయల రేటుని ఫంక్‌టూల్స్ అనే ఇంకో మాడ్యూల్‌లోని పార్షియల్‌తో ఫంక్షన్‌కి ముందే కట్టేశాను. గడి ఖాళీగా ఉంటే ఫంక్షన్ ఆ రైతు నంబరు చూపించి ఆగిపోతుంది. బాబాయి పుస్తకం తీసి, ఆ రైతు ముందు రోజు ఫ్యాట్ వేసి మళ్లీ నడుపుకుంటారు.