అడిగారు, చెబుతున్నాను: పడవ మీద రాత్రి భోజనం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పడవల గురించే. సాయంత్రం పడవెక్కి, పాట వింటూ భోంచెయ్యాలన్న సరదా మన జిల్లాల వాళ్ళకి ఇప్పుడు గట్టిగా పట్టుకుంది. విజయనగరం నుంచి జనాన్ని వెంటేసుకుని టూర్లు తిప్పడం నా వృత్తి కాబట్టి, తోచింది మొహమాటం లేకుండా చెబుతున్నాను.

*ప్రశ్న: మా పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు నిండుతున్న సందర్భంగా నవంబరులో బ్యాంకాక్ వెళ్తున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన మా అత్తగారు. ఆవిడ నీచు ముట్టరు. ఒక రాత్రి నది మీద డిన్నర్ క్రూజ్ ఎక్కాల్సిందేనని పిల్లల పట్టు. ఏజెంటు మూడు చూపించాడు. మొదటిది పెద్ద పడవ, బఫే, బ్యాండు, మనిషికి 1,200 బాత్. రెండోది ఇండియన్ బఫే, డీజే, 1,300. మూడోది పాతకాలపు చెక్క పడవ, బల్ల దగ్గరికే వడ్డన, థాయ్ సంగీతం, 2,600. మూడింటి మీదా ‘లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్’ అనే ఉంది. ఏది తీసుకోమంటారు?*
*— ఒక పాఠకురాలు, నరసన్నపేట*

అమ్మా, ముందు ఆ ‘లైవ్’ సంగతి తేల్చుకుందాం. ఆ మాట కింద ఏదైనా చెల్లిపోతుంది. ట్రాకు పెట్టుకుని ఒకమ్మాయి మైకు పట్టుకున్నా లైవే. నలుగురు కూర్చుని గిటారు, డ్రమ్స్ వాయించినా లైవే. డీజే హిందీ పాటలు వేసి, తింటున్నవాళ్ళని చెయ్యి పట్టి లేపి గెంతించినా లైవే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీలో నేనూ కొన్నాళ్ళు ఫిడేలు పట్టుకున్నాను. విద్య అబ్బలేదు గాని చెవి మాత్రం చెడింది. అందుకని పడవలో వంటకాల జాబితా కన్నా ముందు స్పీకర్లు ఎక్కడున్నాయో చూస్తాను.

ఏజెంటుని మూడు సంగతులు అడగండి: ఎంతమంది వాయిస్తారు, ఎంతసేపు, ఏ అంతస్తులో. తర్వాత ఈ మధ్య ఎక్కినవాళ్ళు ఎవరైనా ఫోనులో తీసిన వీడియో సంపాదించండి. కంపెనీ ప్రకటన వీడియో వద్దు, అందులో ప్రతి పడవా స్వర్గమే. ఆ ఫోను వీడియోలో పాట ఎలా ఉందని కాకుండా బల్లల దగ్గర జనం ఎలా మాట్లాడుకుంటున్నారో గమనించండి. ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారంటే మీ అత్తగారికి అది రెండు గంటల శిక్ష. దాదాపు ఈ పడవలన్నీ రెండు గంటల పాటే తిరుగుతాయి. మధ్యలో దిగిపోతానంటే కుదరదు.

ఇక సీటు. ఏసీ హాలు అనగానే మనవాళ్ళు ఎగబడతారు. రాత్రిపూట లోపల లైట్లన్నీ వెలుగుతుంటే కిటికీ అద్దంలో మన మొహాలూ, వెనకాల బఫే దగ్గర మూత తీసిన గిన్నెలూ కనిపిస్తాయి. బయట గుడి ఉందో గోడౌను ఉందో తెలియదు. కణతల పక్కన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ముక్కు అద్దానికి ఆనించి చూసేవాళ్ళని ప్రతి పడవలోనూ చూస్తుంటాను. పైన తెరిచి ఉన్న డెక్కు మీద ఆ బాధ లేదు. గాలి తగులుతుంది, రెండు ఒడ్లూ కనిపిస్తాయి. కాకపోతే మెట్లు నిటారుగా ఉంటాయి, బాత్‌రూమ్ చాలా పడవల్లో కిందే. మీ అత్తగారు ఇంటి మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలిగితే పైన సీటు తీసుకోండి. మోకాళ్ళ నొప్పులుంటే కింది అంతస్తులోనే అద్దాలు లేని వరండా లాంటి చోటు ఉందేమో కనుక్కోండి. ఏదైనా సరే, సీటు ఏ డెక్కు మీదో టికెట్ మీద రాయించుకోవాలి. నోటిమాట రేవు దగ్గర పనికిరాదు.

కుడివైపు కూర్చోవాలా ఎడమవైపా అని కొట్లాడుకోవద్దు. చావో ఫ్రయా నదిలో పడవ ఎగువకి రామ 8 వంతెన దాకా వెళ్ళి, తిరిగి అదే దారిన వస్తుంది. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కనిపించిన వాట్ అరుణ్, వచ్చేటప్పుడు కుడి పక్కకి వస్తుంది. అది అరుణుడి పేరు పెట్టుకున్న బౌద్ధాలయం. అరసవల్లి సూర్యనారాయణ స్వామి రథసారథి పేరుతో ఉన్న గుడి అని మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ బఫే మాట మర్చిపోయి దానికోసమే ఎదురుచూస్తారు. దీపాలన్నీ వెలిగాక ఆ గోపురం నీళ్ళలో పడుతుంటే చూడాలి. సరిగ్గా అది మొదటిసారి కనిపించే వేళకి పడవలో సగం మంది ప్లేట్లు పట్టుకుని వరసలో ఉంటారు. మీరు మాత్రం కుర్చీ వదలకండి. రద్దీ తగ్గాక తినొచ్చు.

తిండి విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. థాయ్ వంటలో ఉప్పు వెయ్యాల్సిన చోట చేపలతో చేసే ‘నామ్ ప్లా’ పోస్తారు. కూరగాయల వేపుడులో కూడా ఆయిస్టర్ సాస్ పడుతుంది. మాంసం ముక్క కనపడకపోతే చాలు, వెజ్ అయిపోయిందనుకునే వంటవాళ్ళున్నారు. శుద్ధ శాకాహారాన్ని అక్కడ ‘జే’ అంటారు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. బజారులో పసుపు పచ్చ జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అదే. పడవ బఫేలో మాత్రం అది దొరుకుతుందని నమ్మలేం. ఇంకో చిక్కు, బ్యాంకాక్ గడియారం మనకన్నా గంటన్నర ముందు. అక్కడ ఏడున్నరకి పడవ కదిలితే మన కడుపుకి అది సాయంత్రం ఆరు. వెళ్ళిన మర్నాడే అయితే పిల్లలకి ఆకలే వెయ్యదు. పాడయిన బఫే డబ్బులు తలుచుకుని మీవారు బాధపడతారు. పడవ టికెట్ మూడో రాత్రికో నాలుగో రాత్రికో పెట్టుకోండి.

మీ జాబితాలో రెండోదానికి నేను ఓటు వెయ్యను. పప్పూ పనీరూ దొరుకుతాయన్న ఒక్క కారణానికి అత్తగారిని డీజే పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. మూడోది నిజంగా బాగుంటుంది. చెక్క పలకల మీద సన్నటి కర్రలతో వాయించే రనాత్, మన సంతూర్‌లా తీగల మీద వెదురు పుల్లలతో మీటే ఖిమ్, పక్కవాళ్ళ మాట వినపడేంత మెల్లగా సాగుతాయి. వడ్డించే భోజనం కాబట్టి ఒక శాకాహార పళ్ళెం ముందే చెప్పించుకోవచ్చు. కానీ అయిదుగురికి 13,000 బాత్. పిల్లలు అరగంటలో విసుగెత్తి ఫోన్లు తీస్తారు. నేనయితే మొదటిదానికి పై డెక్కు టికెట్ కొని, అత్తగారికి సాయంత్రమే ఏ ఇండియన్ హోటల్లోనో కడుపు నిండా పెట్టించి, పడవ మీద పళ్ళూ ఐస్‌క్రీమూ ఇప్పిస్తాను. 6,000లో అయిపోతుంది. మిగిలిన దాంట్లో, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయి ఉంటే వాళ్ళ నానమ్మని వాళ్ళకి అప్పజెప్పి, మీరిద్దరూ ఇంకో రాత్రి ఆ చెక్క పడవ ఎక్కండి. పెళ్ళిరోజు మీది గాని పిల్లలది కాదు కదా!

టికెట్‌లో మద్యం కలిపి ఉందా అని కూడా అడగండి. ‘బీరు ఎంతైనా’ అన్న పడవలో తిరుగు ప్రయాణం వేరేగా ఉంటుంది. రేవు పేరు సరిగ్గా చూసుకోండి. ఐకాన్‌సియామ్ పడమటి ఒడ్డున ఉంటే, ఏషియాటిక్, రివర్ సిటీ తూర్పు ఒడ్డున ఉన్నాయి. సాయంత్రం ట్రాఫిక్‌లో ట్యాక్సీ ఎక్కితే పడవ వెళ్ళిపోయాక చేరతారు. ఐకాన్‌సియామ్ అయితే స్కైట్రైన్‌లో క్రుంగ్ థోన్‌బురి దాకా వెళ్ళి, గోల్డ్ లైన్ మారి, చరోయెన్ నకోన్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. గంట ముందు చేరితే మంచిది. ఒకే రేవులో వరసగా చాలా పడవలు ఆగుతాయి, మనది ఏదో పేరు చూసి ఎక్కాలి. నవంబరు పౌర్ణమికి, అంటే మన కార్తీక పౌర్ణమి వేళకి, వాళ్ళకి లాయ్ క్రథోంగ్ పండగ. మనలాగే వాళ్ళూ నీళ్ళలో దీపాలు వదులుతారు. ఆ రాత్రి నది చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది గాని టికెట్లు ముందే అయిపోతాయి, ధరలూ పెరుగుతాయి. ఆ తేదీ తగిలితే ఇప్పుడే తేల్చుకోండి.

*ప్రశ్న: గోవాలో మాండవి నది మీద పెద్ద ఓడలో ‘అన్‌లిమిటెడ్ బఫే, లైవ్ డాన్స్’ ప్యాకేజీ చూశాను. అమ్మానాన్నలనీ, ఇంటర్ చదువుతున్న చెల్లినీ తీసుకెళ్ళొచ్చా?*
*— ఒక పాఠకుడు, బొబ్బిలి*

వద్దు బాబూ. నువ్వు చూసింది క్యాసినో అయ్యుంటుంది. పణజి దగ్గర నదిలో రంగురంగుల లైట్లతో నిలబడి ఉంటాయే, అవి. అవి లంగరు వేసి ఉన్న చోటే ఉంటాయి, చిన్న బోటులో మనల్ని అక్కడికి చేరుస్తారు. లోపల జూదం ప్రధానం, భోజనమూ డాన్సూ దానికి తాయిలం. ఇరవై ఒక్కేళ్ళు నిండనివాళ్ళని ఆడే చోటికి రానివ్వరు కాబట్టి మీ చెల్లిని తీసుకెళ్ళడం కుదిరే పని కాదు. ‘పేకాట ఓడలోకి తెచ్చావేట్రా’ అని మీ నాన్నగారు అడిగితే నీ దగ్గర జవాబుండదు.

మీకు కావల్సింది పణజి వంతెన కింద శాంటా మోనికా జెట్టీ నుంచి వెళ్ళే సాయంత్రం పడవ. గంట ప్రయాణం. దేఖణీ, ఫుగడీ లాంటి వాళ్ళ జానపద నాట్యాలూ, పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన కోరిదిన్యూ అనే జంట నాట్యమూ చూపిస్తారు. మధ్యలో పాట పెట్టి జనాన్ని కూడా వేదిక ఎక్కిస్తారు, మీ అమ్మగారికి సిగ్గయితే వెనక వరసలో కూర్చోండి. మామూలు టికెట్‌లో భోజనం ఉండదు. నా మాట వింటే అదే మేలు. సూర్యాస్తమయం వేళ పడవెక్కి, దిగాక పణజిలో మీకు నచ్చిన చోట తినండి. పడవలోనే తినాలంటే డిన్నర్ పడవలు విడిగా ఉన్నాయి, జెట్టీ కౌంటర్లోనే అడగాలి. రోడ్డు మీద చెయ్యి పట్టుకుని టికెట్ అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనకండి.

*ప్రశ్న: కచ్చులూరు ప్రమాదం తర్వాత మా నాన్నగారు పడవ అంటే ఒప్పుకోవడం లేదు. మేము కొచ్చి వెళ్తున్నాం. ఆయనకి ఎలా నచ్చజెప్పాలి?*
*— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం*

నచ్చజెప్పొద్దు తల్లీ, ఆయన్నే ఇన్‌స్పెక్టర్ని చెయ్యండి. ఆయన భయం ఉత్తిది కాదు. 2019 సెప్టెంబరు 15న ఆ బోటు వరద గోదావరిలో వెళ్ళి మునిగింది. 2023 మే 7న కేరళలోనే తానూరులో పొద్దుగూకాక, పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించుకుని వెళ్ళిన పడవ బోల్తా పడి 22 మంది పోయారు. ఈ రెండింటిలోనూ ఒడ్డున నిలబడ్డ మనిషి చూసి ఆగిపోగలిగిన సంగతులున్నాయి.

కాబట్టి నాన్నగారిని రేవు దగ్గరికి అరగంట ముందే తీసుకెళ్ళండి. పడవ మీద ఎంతమందిని ఎక్కించొచ్చో రాసి ఉండాలి. లేకపోతే అక్కడితో సరి. ఉంటే ఎక్కేవాళ్ళని ఆయన్నే లెక్కపెట్టమనండి. లైఫ్‌జాకెట్లు చేతికి అందేలా ఉన్నాయా, లేక బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడాలి. పిల్లల సైజువి విడిగా అడగాలి. డాన్సు మొదలవగానే జనమంతా ఒక పక్కకి చేరితే సిబ్బంది వారిస్తారా, ఫోన్లు తీసి వాళ్ళూ చూస్తారా అన్నది ఇంకో పరీక్ష. చేపల పడవకి పైన రేకులేసి, లైట్లు చుట్టి క్రూజ్ అంటే ఎక్కొద్దు. గాలీ వానా ఉన్న రోజున డబ్బు పోయినా మానుకోండి. ఇవన్నీ చూశాక కూడా నాన్నగారు ఎక్కనంటే ఆయనకి ఒడ్డునే టీ ఇప్పించి మీరు వెళ్ళిరండి.

*ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్ రమ్మంటున్నాడు. ధో అనే అరబ్బుల చెక్క పడవలో డిన్నర్‌కి క్రీక్ మంచిదా, మెరీనా మంచిదా?*
*— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజాం*

మాస్టారూ, మీ వయసుకి క్రీక్. మెరీనాలో ఆకాశమంత భవనాలు చూసి పిల్లలు సంతోషిస్తారు. క్రీక్ అంటే ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అక్కడ పాత ఊరు, సరుకు పడవలు, మసీదు మినార్లు నెమ్మదిగా పక్కనుంచి వెళ్తాయి. రెండు చోట్లా ‘తనూరా’ ఉంటుంది. రంగుల గౌను లాంటిది వేసుకుని ఒకాయన ఆగకుండా గిరగిరా తిరుగుతాడు, చివర్లో లైట్లార్పేసి ఆ గౌనులో దీపాలు వెలిగిస్తారు. చూడాల్సిందే. కానీ కళ్ళు తిరిగే జబ్బుంటే ఎదురు బల్ల వద్దు.

దుబాయ్ టైము మనకి గంటన్నర వెనక. అక్కడ ఎనిమిదిన్నరకి పడవ కదిలితే మన లెక్కకి పది. మీరు ఇంటి దగ్గర ఎనిమిదికల్లా తినేసేవారైతే దగ్గర ఏదైనా ఉంచుకోండి, బిళ్ళలు వేసుకునే వేళ కూడా చూసుకోండి. హోటల్ నుంచి తీసుకెళ్ళే వ్యాను నాలుగు చోట్ల ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంది, అబ్బాయి కారులో వెళ్తేనే సుఖం. మర్నాడు పగలు అదే క్రీక్‌ని ‘అబ్రా’ అనే చిన్న పడవలో ఒక్క దిర్హమ్‌కి దాటొచ్చు. చిల్లర దగ్గర పెట్టుకోండి.