బోక్-జూ ఎత్తిన బరువు నిజమేనా?

మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 'వెయిట్‌లిఫ్టింగ్ ఫెయిరీ కిమ్ బోక్-జూ' కొరియన్ సీరియల్ చూశాను. హాస్టల్ గోల, ముగ్గురు స్నేహితురాళ్ల అల్లరి భలే నచ్చాయి. కానీ అంత సన్నటి నటిని పెట్టి ఆమెనే లావు లావు అంటుంటే ఒళ్లు మండింది. డాక్టరు కోసం ఆమె వెర్రిగా తిరగడం చూసి సగంలో ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోయాను కూడా. అసలు ఆ ఆట ఇలాగే ఉంటుందా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ కోపంలో సగం సబబే. ముందు ఆ సన్నదనం సంగతి చూద్దాం. 2016 నవంబరులో ఇది కొరియా టీవీ చానల్ ఎంబీసీలో మొదలయ్యేనాటికి ఆడవాళ్ల విభాగాలు 48, 53, 58, 63, 69, 75 కేజీలు, 75 దాటినవాళ్లకి ఇంకొకటి. 53, 58 కేజీల్లో ఎత్తే అమ్మాయిలు మీ వీధిలో కనిపించే అమ్మాయిల్లాగే ఉంటారు. తేడా తొడల్లోనూ, మెడ కింద భుజాల దగ్గరా తెలుస్తుంది. లిఫ్టర్ అనగానే మన కళ్లముందుకొచ్చే భారీ రూపం చిట్టచివరి విభాగానిది. ఈ కథకి స్ఫూర్తిగా చెప్పే కొరియా లిఫ్టర్ జాంగ్ మి-రాన్ ఆ విభాగం మనిషే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 140, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తల మీదికి) 186, మొత్తం 326 కేజీలతో స్వర్ణం కొట్టింది. కాబట్టి బోక్-జూగా నటించిన లీ సంగ్-క్యుంగ్ సన్నగా ఉండటం తప్పు కాదు. మోడలింగ్ నుంచి వచ్చిన ఆ నటికి లిఫ్టర్ తొడలూ భుజాలూ లేకపోవడం లోటే. అంతకన్నా పెద్ద తప్పు, అలాంటి అమ్మాయిని అందరిచేతా లావు అనిపించడం. హీరో పెట్టిన ఎగతాళి పేరు తర్వాత ముద్దుపేరైంది కదా అని మీరు సర్దుకుపోనక్కర్లేదు.

డాక్టరు ప్రేమని సాగదీశారన్న మాటా నిజమే. కానీ ఈ సీరియల్లో అసలు సరుకు అక్కడే ఉంది. బరువు ఎత్తి బతకాల్సిన పిల్ల, మనసుపడ్డవాడి కోసం తాను లిఫ్టర్‌నన్న సంగతి దాచి, చెల్లో వాయిస్తానని చెప్పి, బరువు తగ్గించే క్లినిక్కులో చేరుతుంది. అదే గదిలో ఉండే జిమ్నాస్ట్ షి-హోకి తిండంటే రోజూ యుద్ధం. ఒకరు తినాలి, ఇంకొకరు తినకూడదు. ఈ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టడం రచయిత తెలివి. ఆ గదిని వదిలి మళ్లీ మళ్లీ క్లినిక్కు బల్ల దగ్గరికి వెళ్లడమే విసుగు పుట్టించింది.

లిఫ్టర్ డైటింగ్ చేస్తే ఏమవుతుందో తెర మీద తేలిగ్గా తేల్చేశారు. తిండి తగ్గిస్తే మొదట పోయేది కాళ్ల సత్తువ. స్నాచ్ ఎలాగో లేస్తుంది. క్లీన్‌లో బార్ భుజాల మీదికొచ్చాక కూర్చున్నచోటు నుంచి లేవలేరు. పోటీ ముందు నీళ్లు మానేసి తూకం తగ్గిస్తే ఇంకో తంటా. తూకం పోటీకి 2 గంటల ముందు మొదలై గంటసేపు ఉంటుంది. ఎండిపోయిన ఒళ్లు ఆ కాస్త సమయంలో తేరుకోదు, పిక్కలు పట్టేస్తాయి.

అయినా తూకం పిచ్చి ఊరికే రాలేదు. 2000 సిడ్నీలో 69 కేజీల విభాగంలో మొదటి ఇద్దరూ 242.5 కేజీలే ఎత్తారు. ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం వెళ్లింది. మన కరణం మల్లీశ్వరి స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130 కలిపి 240తో కాంస్యం తెచ్చింది. చివరి ప్రయత్నంలో అడిగిన 137.5 లేచి ఉంటే స్వర్ణం మనదే. సమానమైతే తేలికైనవాళ్లు గెలిచే ఆ నిబంధన ఇప్పుడు లేదు, ఆ మొత్తాన్ని ముందు ఎత్తినవాళ్లదే గెలుపు.

ఎత్తడం నిజమా నటనా అన్నది ముఖం చూసి చెప్పలేం, బార్ చూడండి. ఆడవాళ్ల బార్ 15 కేజీలు, 25 మిల్లీమీటర్ల మందం. వంద దాటిన బరువుతో జెర్క్‌కి మోకాళ్లు వంచగానే దాని కొసలు కిందికి వంగి, పైకి తన్నుతాయి. తెర మీద కర్రలా బిగుసుకుని ఉందంటే ప్లేట్లు ఉత్తవే. ఏ దేశంవాళ్లు తీసినా ఇక్కడే దొరికిపోతారు.

ప్రశ్న: మా పాపకి 14 ఏళ్లు. ఇదే సీరియల్ చూసి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానంటోంది. బరువులెత్తితే పొడుగు ఎదగదని మా అత్తగారు భయపెడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: పొడుగు సంగతి అత్తయ్యగారికి నిదానంగా చెప్పండి. కోచ్ కళ్లముందు పద్ధతిగా నేర్చుకున్నందుకు ఎదుగుదల ఆగదు. దెబ్బలు తగిలేది ఎవరూ లేనప్పుడు, పందెం కట్టి ఎత్తలేని బరువు ఎత్తబోయినప్పుడు. ఈ ఆట మన దగ్గర కొత్తదేం కాదు. మీ ఊరి ఇండోర్ స్టేడియానికి ఉన్నది దండమూడి రాజగోపాలరావు అనే వెయిట్‌లిఫ్టర్ పేరే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కేజీల విభాగంలో స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టూవర్టుపురం.

మామూలు జిమ్‌లో చేర్చకండి. జిల్లా క్రీడాభివృద్ధి కార్యాలయంలో అడిగితే కోచ్ ఎక్కడున్నారో చెబుతారు. వెళ్లాక మూడు చూడండి: చెక్క ప్లాట్‌ఫాం ఉందా, కింద పడేసినా ఫర్వాలేని రబ్బరు ప్లేట్లున్నాయా, కోచ్ పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో డిప్లొమా చేశారా.

మొదటి నెల పీవీసీ గొట్టంతోనే గడుస్తుంది. పాప విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి. గొట్టాన్ని తల మీద నిటారు చేతులతో పట్టుకుని, మడమలు లేవకుండా పూర్తిగా కూర్చోగలగాలి. అది కుదిరాక 5, 10 కేజీల చిన్న బార్, తర్వాతే 15 కేజీలది. వారానికి మూడు రోజులు, గంటసేపు చాలు. ఎండాకాలం తెల్లవారుజామున వెళ్లడం మేలు. అరచేయి చెమటపడితే పట్టు జారుతుంది, చాక్ పొడి రాసుకోవాలి. బొటనవేలిని వేళ్ల కింద నొక్కిపెట్టే హుక్ గ్రిప్ మొదట్లో నొప్పి పెడుతుంది, టేప్ చుట్టండి. మెత్తటి స్పోర్ట్స్ షూ వద్దు. అడుగు నలిగి మడమ ఊగుతుంది. గట్టి అడుగు, కాస్త ఎత్తు మడమ ఉన్న షూ కావాలి. నడుం బెల్టు ఇప్పుడే అక్కర్లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు చేతులతో లాగడం. మోచేతులు ముందే వంగితే కాళ్ల బలం బార్‌కి అందదు. బార్ ఒంటికి దూరం జరుగుతుంది, మనిషి దాని వెంట ముందుకు తూలుతుంది. తొడలకి ఆనుకుంటూ బార్ పైకి వస్తోందంటే సరిగ్గా నేర్చుకుంటున్నట్టే. వీపు గుండ్రంగా వంగిందంటే ఆరోజుకి బరువు తగ్గించాల్సిందే.

తిండి మాత్రం తగ్గించొద్దు. మూడు గుడ్లు, అర లీటరు పాలు, రెండు పూటలా చిక్కటి పప్పు కలిపితే 50 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. చికెన్ తినే రోజు ఇంకా నయం. తూకం తగ్గి ఫలానా విభాగంలోకి రావాలని ఈ వయసులో ఎవరైనా ఒత్తిడి చేస్తే కోచ్‌ని మార్చండి.

ప్రశ్న: కిమ్ బోక్-జూ సీరియల్లో హీరో ఈతలో ఒక్కసారి ముందే దూకినందుకు ఏళ్ల తరబడి భయపడటం అతిగా లేదూ?
- ఒక విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: లేదు. ఈతలో మొదటి తప్పుకే పోటీ నుంచి తీసేస్తారు. పొడవాటి ఈల విన్నాక దిమ్మ ఎక్కాలి, 'టేక్ యువర్ మార్క్స్' అనగానే వంగి బిగుసుకోవాలి, మోత వినిపించేదాకా కదలకూడదు. కొరియావాళ్లకి ఇది కల్పన కూడా కాదు. వాళ్ల ఈతగాడు పార్క్ టే-హ్వాన్ 14 ఏళ్ల వయసులో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హీట్‌లో (ఫైనల్‌కి ముందు జరిగే రౌండులో) ఇలాగే ముందే కదిలి బయటికొచ్చేశాడు. 2012 లండన్‌లో మళ్లీ అదే రేసులో, అదే తప్పు అని తీసేశారు. ఈసారి అప్పీలు చేస్తే తప్పు లేదని తేలింది. ఆ సాయంత్రమే ఫైనల్ ఈది రజతం తెచ్చుకున్నాడు.